గుమ్మడి ముక్కకు ఒకవైపు తోలు

జ్ఞానమణక్క మీద మా యూనిట్లో మొట్టమొదట అరిచింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. రేపు ఇంకెవరో చెప్పగా విని, "ఓహో, ఈ హేమావతి ఇంతటి మనిషా" అని మీరు అనుకోవడం ఎందుకు? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎమ్మిగనూరులో మగ్గం పక్కన పెరిగినదాన్ని. పోగు తెగితే మా నాయన ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచేవాడు. ఆయన పనితనం నాకు రాలేదు గానీ గొంతు మాత్రం వచ్చింది.

మగ్గం ఆగిపోయాక కర్నూలు పక్కన కల్లూరుకు వచ్చి, కూరగాయలు కోసి ప్యాకెట్లు కట్టే ఈ యూనిట్లో చేరాను. పొద్దున్నే నందికొట్కూరు వైపు నుంచి కాయలు దిగుతాయి. కడుగుతారు, తోలు తీస్తారు, కోస్తారు. కోసిన ముక్కలన్నీ నా దగ్గరికి వస్తాయి, ఎందుకంటే లైటు నా దగ్గర ఉంటుంది. ఆ తర్వాత ప్యాకెట్టు, చల్లగది, మధ్యాహ్నానికి బెంగళూరు బండి.

ఆ లైటు సంగతి కాస్త చెప్పాలి. పుస్తకాల్లో అతినీలలోహిత కిరణాలంటారట. మేము నీలం లైటు అంటాం. ఒక స్టీలు పెట్టెలో పైన ట్యూబులు వరసగా ఉంటాయి. జల్లెడ పళ్ళెంలో ముక్కలు పరిచి లోపలికి తోసి తలుపు వేస్తే వెలుగుతుంది, తలుపు తీస్తే దానంతటదే ఆరిపోతుంది. అది కంటికీ ఒంటికీ మంచిది కాదు, అందుకని ఆ ఏర్పాటు. కోసిన ముక్క మీద చేరే క్రిములను అది చంపుతుంది. బయట పెడితే రెండో రోజుకే జిగురు పట్టే గుమ్మడి ముక్క, దీని కింద పెట్టి తీసి చల్లగా ఉంచితే వారం నిలుస్తుంది. కానీ దానికీ ఒక పెంకితనం ఉంది. ఎదురుగా ఉన్నదాని మీదే పనిచేస్తుంది. ముక్క మీద ముక్క పడితే ఆ నీడలో క్రిములు హాయిగా బతికేస్తాయి. అందుకే విడివిడిగా పరచాలి, ఒక విడత అయ్యాక ప్రతి ముక్కనూ తిప్పి మళ్ళీ పెట్టాలి. అలాగని ఎక్కువసేపు ఉంచామా, ముక్క వాడిపోయి రంగు మారుతుంది. కూరలో ఉప్పు చూసుకున్నట్టు చూసుకోవాలి.

అట్లా తిప్పుతుంటేనే ఒక రోజు తోలున్న ముక్క నా చేతికి తగిలింది.

గుమ్మడికాయకు తోలు మొత్తం తీసేయాలని మా రూలు. ఈ ముక్కకు ఒకవైపు వేలి వెడల్పున తోలు వదిలేసి ఉంది. చేయి జారి వదిలింది కాదు. అటూ ఇటూ కత్తితో గీసి మరీ ఉంచినట్టుంది. తర్వాతి పళ్ళెంలోనూ అలాంటివే. ప్యాకెట్టుకు ఒకటి చొప్పున ఎవరో కావాలని చేస్తున్నారు. పళ్ళెం పట్టుకుని కోసే బల్ల దగ్గరికి పోయాను.

"ఎవరిదిమే ఈ కోత? కండ్లు యాడ పెట్టుకోని కోస్తాండారు?"

అందరూ తలెత్తారు. ఎత్తనిది జ్ఞానమణక్క ఒక్కతే.

యాభైకి దగ్గర పడిన మనిషి. నందికొట్కూరు పక్కన పల్లె. అక్కడి నుంచి బస్సులో, మళ్ళీ షేర్ ఆటోలో రోజూ వస్తుంది. భర్త బేతంచెర్ల నాపరాళ్ళ గనుల్లో పనిచేస్తూ శనివారం ఇంటికొస్తాడు. పిల్లలు లేరు. మాట తక్కువ. అన్నం ముందు కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే, మా అన్నాలు సగం అయ్యేదాకా సాగేది. "విడిచిపెట్టక్కా, దేవునికి కూడా ఆకలైతాదేమో" అని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వేసి మళ్ళీ కళ్ళు మూసుకునేది. అంతసేపు ఎవరికోసం అడుగుతోందో నాకప్పుడు తెలియదు.

ఆ మధ్యాహ్నం నన్ను చల్లగది వెనక్కి పిలిచింది.

"హేమా, ఆ ముక్కలు తీసేయొద్దుమే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు నాకే ఉండనీ గానీ, యాల చేస్తాండావో చెప్పు. సారు చూసినాడంటే నిన్నూ నన్నూ ఇద్దరినీ ఇంటికి పంపుతాడు."

అప్పుడు చెప్పింది.

వాళ్ళ అమ్మ జీవమ్మ గుమ్మడికాయను అట్లాగే కోసేదట. పులుసులో ముక్క కరిగిపోకుండా ఒకవైపు తోలు వదిలేది. పిల్లలు ఆ తోలు పట్టుకుని ముక్కను కొరుక్కుని తినేవాళ్ళు. ఊళ్ళో ఇంకెవరూ అట్లా కోసేవాళ్ళు కాదు. ఆ పిల్లలు ఇద్దరు: జ్ఞానమణక్క, ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్నదైన మహిమ. అమ్మ కూలికి పోతే చెల్లెల్ని చంకనేసుకుని తిరిగింది అక్కే. మహిమ పెద్దదై బెంగళూరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి కుదిరింది. మూడేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు, అక్కడ సెలవు దొరికి, బస్సు దొరికి, ఊరు చేరేసరికి మట్టి చేయడం అయిపోయింది. ఒక్క పూట ఆలస్యం.

సరిగ్గా నెలకు వాళ్ళ చర్చిలో కోతల పండగ వచ్చింది. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్న కంకులు, కందికాయలు, కోడి, గుడ్లు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక చర్చి ముందరే వాటికి వేలం పాట, వచ్చింది దేవుని పనికి. ఆ పాటకు ఒక మర్యాద ఉందట. ఒక ఇంటివాళ్ళు తమ కాయను తామే పాడుకోవాలని నోరు తెరిస్తే మిగతావాళ్ళు పోటీకి రారు. ఆ ఏడు జీవమ్మ చివరిసారి పెట్టిన తీగకు, కొట్టం మీద ఒకే ఒక్క గుమ్మడికాయ కాసింది. దాన్ని పాటకు ఎత్తగానే ఊరంతా మర్యాదగా ఊరుకుంది. ఊరుకోనిది అక్కాచెల్లెళ్ళిద్దరే. పరాయివాళ్ళు ఎట్లా ఉండాలో పెద్దలు చెప్పిపెట్టారు గానీ, ఒక్క ఇంట్లోనే ఇద్దరు పాడితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

"మొదట జనం నవ్వినారు హేమా. అక్కాచెల్లెళ్ళ పంతం చూడండప్పా అని. ఇంగ కొంచేపటికి ఎవరూ నవ్వలేదు. అది పాడితే నేను, నేను పాడితే అది. మూడు నెల్లు మంచాన పడిన అమ్మను ఎత్తి దించింది నేను, కాయ నాది అనిపించింది నాకు. ఆఖరికి నోరు జారినా."

"ఏమన్నావక్కా?"

"మట్టికి అందనిదానివి, కాయకు వచ్చినావా అన్నా. ఊరందరి ముందర."

అది చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నోటి దురుసు మనిషినే, కానీ ఆ మాట నా నోట కూడా రాదు. మహిమ చేతిలో ఉన్నదంతా కానుక పెట్టెలో వేసి, చెప్పులేసుకుని బస్టాండు దారి పట్టింది. వారానికి ఫోన్ నంబరు మార్చేసింది.

గెలిచిన కాయ అక్క ఇంటికి వచ్చింది. దాన్ని వండలేదు.

"సగం కోసి దానికి పంపాలని ఎన్ని తూర్లు కత్తి పట్టుకున్నానో. గుమ్మడికాయ కోయనంతవరకు నెలలు ఉంటాది, కోస్తే రెండు దినాలు. బెంగళూరు చేరేలోపల పాడైతాది లే అని కత్తి పక్కన పెట్టేదాన్ని. ఉత్త సాకు. ఒక్క పగలు బస్సు దారి అది. నాకు ముఖం చెల్లలేదు, అంతే."

ఎనిమిదో నెలలో కాయ అడుగు మెత్తబడి గూట్లో నీరు కారింది. లోపల విత్తనాలు కూడా కుళ్ళిపోయాయి. పంచుకోవాలంటే కోయాలి, కోస్తే నిలవదు, కోయకుండా దాచుకుంటే చివరికి దక్కింది అదీ.

తర్వాత బెంగళూరులో ఉండే వాళ్ళ ఊరి ప్రేమజ్యోతి ఒక వార్త తెచ్చింది. మహిమ వండే హాస్టల్‌కు కోసిన కూరగాయల ప్యాకెట్లు కల్లూరు నుంచే వస్తాయట. నంబరు అడిగితే మాత్రం మహిమ ఇవ్వనందట. ఆ వార్త విన్న వారానికి జ్ఞానమణక్క మా యూనిట్లో పనికి చేరింది. ఏడాదికి పైగా ఉల్లిగడ్డల బల్ల మీదే ఉంచారు. గుమ్మడి బల్ల దగ్గరికి మార్చింది ఆ నెలలోనే.

"ఏ ప్యాకెట్టు యాడికి పోతాదో నాకేం తెలుసు? అందుకే ప్యాకెట్టుకొకటి వేస్తాండా. చూస్తే దానికి తెలుస్తాది. ఈ లైటు లేకుంటే నా ముక్క దాని చేతికి పోయేదే కాదు హేమా. నువ్వు తిప్పి తిప్పి పెడతాండావు చూడు, దేవుని దగ్గర నీ పేరు కూడా చెప్తాండా."

నాకు ఏడుపొస్తే కోపం వస్తుంది, అదొక జబ్బు. "నా పేరు చెప్పేది తర్వాత, ముందు ఆ తోలు బాగా రుద్ది కడుగు. మన్ను మిగిలితే ముక్కంతా పాడైతాది" అని కసిరి వచ్చేశాను.

ఆ రోజు నుంచి తోలున్న ముక్కలను ముందు తోలువైపు పైకి పెట్టి, తర్వాత తిప్పి, పక్కముక్క నీడ పడకుండా చూసి పంపేదాన్ని. బండి బయలుదేరేటప్పుడు అక్క ఏదో ఒక పని కల్పించుకుని గేటు దగ్గరికి పోయేది. బండి హైవే ఎక్కేదాకా అక్కడే నిలబడేది. లోపలికొచ్చి నన్ను అడిగేది.

"నిన్నటిది చేరింటాదా?"

"చేరింటాదక్కా."

"వండింటాదా?"

"నేనేమన్నా సోది చెప్తానా తల్లీ? పో, పని చూసుకో."

మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. చెల్లెలికి గుమ్మడికాయ అంటే ఎంత ఇష్టమో, పులుసు గిన్నె అడుగున చేయి పెట్టి ఎట్లా తడిమేదో, చిన్నప్పుడు తోలు కూడా నమిలేసి కడుపునొప్పి తెచ్చుకుని తన ఒళ్ళో ఎట్లా పడుకునేదో చెప్పేది. చెప్పిందే చెప్పేది. ఆదివారాలు నాకు తోచేది కాదు, ఆ మాటలు వినక.

ఇట్లా మూడు వారాలు గడిచాయి. మళ్ళీ కోతల పండగ దగ్గరికొచ్చింది. చర్చికి సున్నం కొట్టాలని జ్ఞానమణక్క ఒక రోజు సెలవు పెట్టింది. సరిగ్గా ఆ రోజే మా సూపర్‌వైజరు వసంతకుమార్ సారు ఫోను పట్టుకుని మండిపడుతూ వచ్చాడు.

"గుమ్మడి ముక్కలకు తోలుండాదని బెంగళూరు నుంచి మెసేజి. ఫొటో కూడా పెట్టినారు. ఎవరు కోసినారో పేరు, ఊరు కావాలంట. కేసు పెడతారో ఏమో! ఎవరది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి దానంతటదే పైకి లేచింది. అక్క పేరు బయటికొస్తే ఆ బల్ల పోతుంది, ఆ ముక్కలు పోతాయి. నా బుర్రలో అదొక్కటే మెదిలింది.

"నేనే సార్. మనిషి తక్కువైతే ఆ పొద్దు నేను కోసినా."

"నువ్వా! తప్పులు పట్టేదానివి నువ్వే తప్పు చేస్తే ఎట్లమ్మా? రేపట్నుంచి లైటు దగ్గర వద్దు, కడిగే తొట్ల దగ్గరికి పో" అని, అక్కడే నిలబడి "హేమావతి, ఎమ్మిగనూరు" అని ఫోనులో కొట్టి పంపేశాడు.

లైటు పోయినందుకు బాధగానే ఉంది గానీ, ఒక మనిషిని కాపాడానని లోలోపల గర్వం కూడా. ఆ గర్వం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఇంటికి పోబోతుంటే సారు పిలిచి జవాబు చదివి వినిపించాడు.

"'అయితే ఏం వద్దు సార్. ఆమెను ఏమీ అనాకండి. ముక్కలు బాగుండాయి. మా ఊరి మనిషేమో అనుకోని అడిగినా.' చూడు, బతికిపోయినావు. వంటమనిషి ఎవరో మంచిది."

తప్పు పట్టేవాళ్ళు పేరు అడుగుతారు గానీ ఊరు అడుగుతారా? అంత చిన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదే! మూడేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు వస్తే, నా పేరు చెప్పి వెనక్కి పంపేశాను.

తెల్లవారి జ్ఞానమణక్క గోళ్ళలో సున్నంతోనే పనికొచ్చింది. తొట్ల దగ్గర నన్ను చూసి ఆశ్చర్యపోయింది. చల్లగది వెనక్కి తీసుకుపోయి జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆమె కాయల పెట్టె మీద కూలబడింది.

"అడిగిందా? నా మహి అడిగిందా?"

"అడిగిందక్కా."

"ఊరు కూడా అడిగిందా?"

"అడిగింది. నేను ఎమ్మిగనూరు అని చెప్పినా. తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి నన్ను."

"నిన్ను యాల తిడతా? నోరు జారినదాన్ని నేను. నాకోసరం నోరు అడ్డం పెట్టినదానివి నువ్వు." అని నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఏడుపైంది. "అడిగింది కదమే. నేనేమో అని అడిగింది కదా."

ఇక నేను ఊరుకోలేదు. ఆమె చేయి పట్టుకుని నేరుగా సారు గదిలోకి లాక్కుపోయాను. కోసింది ఈమె, తెలిసీ పంపింది నేను, మెసేజి పెట్టింది ఈమె చెల్లెలు అని గబగబా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. సారు తల పట్టుకున్నాడు.

"మీరిద్దరూ కలిసి నా కొంప ముంచేట్టుండారే! కూరగాయల యూనిట్టా ఇది, పోస్టాఫీసా?"

"తప్పే సార్. నన్ను తొట్ల దగ్గరే ఉంచండి, ఎన్నాళ్ళైనా ఉంచండి. ఒక్క ఫోను మాత్రం చేసిపెట్టండి."

ఆయన కాసేపు గొణిగాడు. జ్ఞానమణక్క గోడకు ఆనుకుని ఆయన చేతిలోని ఫోనునే చూస్తోంది. ఆ చూపు చూశాక ఎవరైనా ఎంతసేపు గొణుగుతారు? హాస్టల్‌కు ఫోను చేసి, వంటమనిషిని పిలవమన్నాడు. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచి, తాను బయటికి పోయాడు.

"ఎవరు?" అంది అవతలి గొంతు. వెనకాల కుక్కరు కూత వినబడుతోంది.

జ్ఞానమణక్క ఫోను వైపు చేయి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది. నేను మోచేత్తో పొడిచాను.

"మహీ. నేను. అక్కను."

అవతల గరిటె కింద పెట్టిన చప్పుడు.

"చెప్పు."

"ఆ ముక్కలు హేమావతి కోసినవి కావు. నేను కోసినవి."

"నాకు తెలుసు. అమ్మ కోత ఎమ్మిగనూరోళ్ళకు యాడ వస్తాది? నువ్వే నాతో మాట్లాడేకి ఇష్టం లేక ఇంకొకరి పేరు చెప్పిచ్చినావనుకున్నా."

నేను తల దించుకున్నాను. అక్క బల్ల మీదికి వంగి ఫోనుకు నోరు ఆనించినంత దగ్గరగా వచ్చింది.

"కాదు మహీ, కాదు. ఆ పొద్దు నేను అనకూడని మాట అన్నా. నా నోరు పడిపోను. తప్పు నాదే. మూడేండ్లుగా దేవుని దగ్గర చెప్పుకుంటాండా గానీ నీ దగ్గర చెప్పుకోలేకపోయినా."

కుక్కరు ఇంకొక కూత వేసింది. ఎవరో స్టవ్వు ఆపిన చప్పుడు.

"ఆ కాయ తిన్యావా అక్కా?"

"లేదమ్మా. కోయనే లేదు. నువ్వు లేకుండా ఎట్ల కోసేది? దాచిపెట్టి దాచిపెట్టి కుళ్ళగొట్టినా."

అవతల మహిమ వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఇవతల ఈమె చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. నేను మాత్రం ఏం తక్కువ తిన్నానా?

కాసేపటికి మహిమ గొంతు మళ్ళీ వినబడింది.

"నువ్వు పంపిన ముక్కలు నేనూ వండలేదక్కా. ప్యాకెట్లు విప్పినప్పుడల్లా ఏరి పక్కన పెడతాండా. పాతవి పాడైపోయినాయి. మొన్న వచ్చినవి నాలుగు ఫ్రిజ్‌లో ఉండాయి. ఆదివారం కోతల పండగ కదా. అందాక ఉంటాయా?"

జ్ఞానమణక్క నావైపు చూసింది. ప్యాకెట్టు విప్పేసిన ముక్కకు వారం అని మేము చెప్పం. లైటు కింద ఎంత జాగ్రత్తగా తిప్పి పంపినా, ఒకసారి గాలి తగిలాక దాని ఆయుష్షు ఎంతో నాకూ తెలియదు. ఉన్నమాట చెప్పాలా, ఉంటాయని ధైర్యం చెప్పాలా అని నేను తడబడుతున్నాను.

ఆమె నా జవాబు కోసం ఆగలేదు.

"మెత్తబడినా సరేమే," అంది ఫోనులో. "ఊరికి తీసకరా."